హంగేరీ సింహాసన వివాదం (1526–1570)

హంగేరీ సింహాసన వివాదం 16వ శతాబ్దంలో మధ్య ఐరోపాలోని హంగేరీ రాజ్యంలో జరిగిన దీర్ఘకాలిక రాజకీయ, సైనిక సంఘర్షణ. 1526లో మొహాచ్ యుద్ధంలో రాజు రెండవ లూయీ సంతానం లేకుండా మరణించగా, ప్రభువర్గం రెండుగా చీలి ఇద్దరు రాజులను ఎన్నుకున్నది. వారిలో ఒకరు ట్రాన్సిల్వేనియా పాలకుడైన జాన్ జపోల్యా, రెండవవారు ఆస్ట్రియా పాలకుడైన హాబ్స్‌బర్గ్ వంశీయుడు ఫెర్డినాండ్. ఇద్దరూ శాస్త్రోక్తంగా పట్టాభిషిక్తులే కావడం ఈ వివాదంలోని ప్రత్యేకత. ఈ అంతఃకలహం వలన ఒట్టోమాన్ (తురుష్క) సామ్రాజ్యానికి హంగేరీలో స్థిరపడే అవకాశం కలిగింది. చివరకు దేశం మూడు ముక్కలై, దాదాపు నూట యాభై సంవత్సరాలు అలాగే ఉండిపోయింది.

పేర్ల గురించి

హంగేరియన్ భాషలో, తెలుగువారి ఇంటిపేరు వలె, వంశనామం ముందు, వ్యక్తినామం తరువాత వస్తాయి. జాన్ జపోల్యాను ఆ భాషలో "సపొయయి యానోష్" అంటారు. అలాగే రెండవ లూయీని "లాయోష్" అని వ్యవహరిస్తారు. ఆనాటి హంగేరీ నేటి హంగేరీ కంటె చాలా విశాలమైనది. అందువలన ఈ వ్యాసంలో ప్రస్తావించిన అనేక పట్టణాలు నేడు ఇతర దేశాలలో ఉన్నాయి. ఉదాహరణకు పొజోని నేడు స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా. నాగ్యవారద్ నేడు రుమేనియాలోని ఒరాడియా నగరం.

నేపథ్యం

హంగేరీలో రాజపదవి పూర్తిగా వంశపారంపర్యం కాదు. రాజవంశం అంతరించినప్పుడు కొత్త రాజును ఎన్నుకునే హక్కు తమదేనని ప్రభువులు భావించేవారు. ప్రసిద్ధుడైన మాత్యాష్ కోర్వినస్ 1490లో మరణించిన పిదప, యాగెల్లోన్ వంశానికి చెందిన బొహీమియా రాజు వ్లాదిస్లావ్‌ను ఎన్నుకున్నారు. ఇతని కాలంలో కేంద్రాధికారం బలహీనపడి, పెద్ద ప్రభువుల ప్రాబల్యం పెరిగింది.

తరువాతి వివాదానికి బీజాలు ఈ కాలంలోనే పడ్డాయి. 1491లో హాబ్స్‌బర్గ్ వంశీయుడు మాక్సిమిలియన్‌తో వ్లాదిస్లావ్ పొజోని వద్ద ఒక ఒప్పందం చేసుకున్నాడు. తనకు పురుష సంతానం లేకుండా పోతే హంగేరీ రాజ్యం హాబ్స్‌బర్గ్‌లకు చెందాలన్నది దాని సారాంశం. ఇది చాలామంది ప్రభువులకు నచ్చలేదు. 1505లో పెస్ట్ నగరం సమీపాన రాకోష్ మైదానంలో సమావేశమైన సభ, రాజు పురుష సంతానం లేకుండా మరణిస్తే ఇకపై విదేశీయుని రాజుగా ఎన్నుకోరాదని తీర్మానించింది. అనగా ఒకే సింహాసనం గురించి పరస్పర విరుద్ధమైన రెండు పత్రాలు పదునాలుగేళ్ల వ్యవధిలో తయారైనవి.

1515లో వియన్నాలో జరిగిన రాజుల సమావేశంలో ఇచ్చిపుచ్చుకునే వివాహాలు నిశ్చయమైనవి. వాటి ప్రకారం వ్లాదిస్లావ్ కుమారుడు లూయీకి మాక్సిమిలియన్ మనుమరాలు మేరీతోను, కుమార్తె అన్నాకు ఫెర్డినాండ్‌తోను తరువాత వివాహాలు జరిగాయి. ఫలితంగా ఫెర్డినాండ్ లూయీకి రెండు విధాల బావమరిది వరుస అయ్యాడు.

ఇదే కాలంలో హంగేరీ అంతర్గతంగా కూడా దెబ్బతిన్నది. 1514లో డోజా గ్యోర్గ్య్ నాయకత్వాన చెలరేగిన రైతుల తిరుగుబాటును ట్రాన్సిల్వేనియా పాలకుడు (వోయివోడ్) జాన్ జపోల్యా కఠినంగా అణచివేశాడు. పిమ్మట రైతులు భూమిని విడిచి వెళ్లే హక్కును కోల్పోయారు. చిన్న ప్రభువుల దృష్టిలో జపోల్యా రక్షకుడు కాగా, రైతుల దృష్టిలో అణచివేతకు ప్రతీక అయ్యాడు.

మొహాచ్ యుద్ధం

1521లో ఒట్టోమాన్ సుల్తాన్ సులేమాన్ దక్షిణ సరిహద్దులో ముఖ్యమైన బెల్‌గ్రేడ్ కోటను జయించాడు. ఐదేళ్ల తరువాత పెద్ద సైన్యంతో మళ్లీ వచ్చాడు. 1526 ఆగస్టు 29న మొహాచ్ మైదానంలో, సుమారు 25,000 మందితో ఉన్న హంగేరీ సైన్యం తనకంటె ఎంతో పెద్దదైన ఒట్టోమాన్ సైన్యాన్ని ఎదుర్కొని, కొద్ది గంటలలోనే నాశనమైంది. ఎస్టెర్‌గోమ్, కలోచా ఆర్చిబిషప్పులతో సహా ఏడుగురు మతాధిపతులు, అనేకమంది ప్రభువులు మరణించారు. ఇరవై ఏళ్ల రాజు లూయీ పారిపోతూ చెలె అనే వాగులో మునిగి మరణించాడు. జపోల్యా సైన్యం యుద్ధానికి సకాలంలో చేరుకోలేదు. ఇది కావాలని చేసిన జాప్యమని ప్రత్యర్థులు ఆరోపించారు. రాజు నుండి పరస్పర విరుద్ధమైన ఆజ్ఞలు రావడమే ఆలస్యానికి కారణమని మరికొందరు చరిత్రకారులు భావిస్తారు.

సులేమాన్ సెప్టెంబరులో రాజధాని బుడాలో ప్రవేశించి, నగరాన్ని దోచి, శీతాకాలానికి ముందే వెనుదిరిగాడు. దేశం పూర్తిగా ఆక్రమణకు గురికాలేదు గాని రాజు లేనిదైపోయింది. భారతదేశంలో మొదటి పానిపట్టు యుద్ధం జరిగినది కూడా ఈ 1526లోనే. అప్పుడు విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు పరిపాలిస్తున్నాడు.

రెండు ఎన్నికలు, రెండు పట్టాభిషేకాలు

యుద్ధంలో నష్టపోని సైన్యం కలిగిన ఏకైక పెద్ద ప్రభువు జపోల్యా. 1526 నవంబరు 10న సేకెష్‌ఫెహేర్వార్ పట్టణంలో సమావేశమైన సభ అతనిని రాజుగా ఎన్నుకోగా, మరునాడు అక్కడే పట్టాభిషేకం జరిగింది. చిన్న, మధ్యతరగతి ప్రభువులలో ఎక్కువమంది ఇతని పక్షాన ఉన్నారు. హంగేరీ ఆచార న్యాయాన్ని గ్రంథస్థం చేసిన న్యాయవేత్త వెర్బోచి ఇష్త్వాన్ కూడా ఇతని మద్దతుదారుడే.

లూయీ భార్య మేరీ, రాజు తరువాత అత్యున్నత అధికారి (పాలటైన్) అయిన బాతోరి ఇష్త్వాన్ ఈ ఎన్నికను అంగీకరించలేదు. వీరు డిసెంబరులో పొజోనిలో మరొక సభ జరిపి ఫెర్డినాండ్‌ను రాజుగా ఎన్నుకున్నారు. అంతకు ముందే, అక్టోబరులో, బొహీమియా సభ ఫెర్డినాండ్‌ను తమ రాజుగా ఎన్నుకొని ఉన్నది. 1527 జనవరి 1న క్రొయేషియా ప్రభువులు సెటిన్ వద్ద ఫెర్డినాండ్‌ను ఎన్నుకోగా, కొద్ది రోజులకే స్లవోనియా ప్రభువులు జపోల్యాను సమర్థించారు.

హంగేరీ ఆచారం ప్రకారం పట్టాభిషేకం చెల్లుబాటు కావాలంటే మూడు షరతులు ఉండేవి: అది సేకెష్‌ఫెహేర్వార్‌లో జరగాలి, సెయింట్ స్టీఫెన్ పేరిట ఉన్న పవిత్ర కిరీటంతో జరగాలి, ఎస్టెర్‌గోమ్ ఆర్చిబిషప్పు జరపాలి. ఆర్చిబిషప్పు మొహాచ్‌లో మరణించినందున జపోల్యాకు నీత్రా బిషప్పు పొద్మనిచ్కి ఇష్త్వాన్ కిరీటధారణ చేశాడు. ఫెర్డినాండ్ సైన్యం 1527 ఆగస్టులో బుడాను పట్టుకొని, సెప్టెంబరులో టోకాయ్ సమీపాన జపోల్యాను ఓడించిన పిదప, కిరీట సంరక్షకుడైన పెరేని పేటెర్ పక్షం మారి కిరీటాన్ని ఫెర్డినాండ్‌కు అప్పగించాడు. 1527 నవంబరు 3న అదే పట్టణంలో, అదే కిరీటంతో, అదే బిషప్పు ఫెర్డినాండ్‌కు పట్టాభిషేకం జరిపాడు. అప్పటినుండి దేశంలో శాస్త్రం ప్రకారం తప్పుపట్టడానికి వీలులేని రాజులు ఇద్దరయ్యారు.

ఇరుపక్షాల వాదనలు

జపోల్యా పక్షం వాదన ప్రధానంగా మూడు అంశాలపై ఆధారపడింది:

1. 1505 నాటి రాకోష్ తీర్మానం విదేశీయుని ఎన్నికను నిషేధించినది.
2. జపోల్యా ముందుగా ఎన్నికై, ముందుగా పట్టాభిషిక్తుడైనాడు. సజీవుడైన రాజు ఉండగా మరొకరిని ఎన్నుకోవడం చెల్లదు.
3. రాజును ఎన్నుకునే హక్కు ప్రభువులది. ఒక రాజు మరొక రాజుతో చేసుకున్న ఒప్పందంతో ఆ హక్కు పోదు.

ఫెర్డినాండ్ పక్షం ఇలా వాదించింది:

1. 1491, 1515 నాటి ఒప్పందాల ప్రకారం సింహాసనం హాబ్స్‌బర్గ్‌లకు చెందాలి.
2. ఫెర్డినాండ్ భార్య అన్నా మరణించిన రాజు యొక్క సోదరి, ఆ వంశానికి మిగిలిన వారసురాలు.
3. రాజు లేనప్పుడు సభను పిలిచే అధికారం పాలటైన్‌కు మాత్రమే కలదు. కనుక జపోల్యాను ఎన్నుకున్న సభ చట్టబద్ధం కాదు.

ఈ న్యాయవాదాల వెనుక ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న ఉన్నది. ఒట్టోమాన్ల నుండి దేశాన్ని కాపాడగలవారు ఎవరు? ఫెర్డినాండ్ అన్న ఐదవ చార్లెస్ పవిత్ర రోమన్ చక్రవర్తి, స్పెయిన్ రాజు. అంతటి వంశం అండ ఉంటే తప్ప హంగేరీ నిలువదని ఒక వర్గం నమ్మింది. ఆ వంశానికి హంగేరీ కేవలం ఒక సరిహద్దు రక్షణ కవచం మాత్రమే అవుతుందని, సుల్తాన్‌తో రాజీపడటమే మేలని మరొక వర్గం తలచింది. తరువాతి చరిత్రలో ఇరువర్గాల భయాలూ కొంతవరకు నిజమైనవి. చార్లెస్ ఫ్రాన్స్‌తో యుద్ధాలలోను, జర్మనీలో మత సంఘర్షణలలోను మునిగి తమ్మునికి తగినంత సైన్యం పంపలేకపోయాడు. సుల్తాన్ అండ కోరినవారు దానికి చాలా పెద్ద మూల్యం చెల్లించవలసి వచ్చింది.

సుల్తాన్ ప్రవేశం

1528 మార్చిలో సీనా వద్ద మరల ఓడిన జపోల్యా పోలండులో తలదాచుకున్నాడు. అప్పటికే అతని రాయబారి, పోలిష్ ప్రభువు హీరోనిమ్ లాస్కి, ఇస్తాంబుల్ వెళ్లి సులేమాన్ మద్దతు సంపాదించాడు. వెనిస్ అధినేత (డోజ్) ఆంద్రెయా గ్రిత్తి కుమారుడు, ఇస్తాంబుల్‌లో వ్యాపారిగా స్థిరపడిన లుడొవికో గ్రిత్తి ఇందుకు సహకరించాడు. సుల్తాన్ దృష్టిలో హంగేరీ తాను ఖడ్గంతో జయించిన దేశం. దానిని జపోల్యాకు అనుగ్రహించి ఇచ్చినట్లుగా అతడు భావించాడు.

1529 ఆగస్టులో, లూయీ మరణించిన మొహాచ్ మైదానంలోనే, జపోల్యా సులేమాన్‌ను కలుసుకొని అతని చేతిని ముద్దాడాడు. సుల్తాన్ సైన్యం బుడాను తిరిగి పట్టుకొని జపోల్యాకు అప్పగించి, ముందుకు సాగి వియన్నాను ముట్టడించింది. వానలు, ఆహార కొరత, సమీపిస్తున్న శీతాకాలం కారణంగా ఆ ముట్టడి అక్టోబరు మధ్యలో విఫలమైంది. పెరేని పేటెర్‌తో పాటు పవిత్ర కిరీటం కూడా ఈ దండయాత్రలో సుల్తాన్ చేత చిక్కగా, అతడు దానిని జపోల్యాకు ఇప్పించాడు. ముస్లిం పాలకునితో చేతులు కలిపినందుకు పోప్ ఏడవ క్లెమెంట్ జపోల్యాను క్రైస్తవ సంఘం నుండి బహిష్కరించాడు.

1530లో ఫెర్డినాండ్ సైన్యం బుడాను ముట్టడించి విఫలమైంది. 1532లో సులేమాన్ మరల వియన్నా దిశగా వచ్చాడు గాని, మార్గంలోని చిన్న కోట కోసెగ్ దళపతి యురిషిచ్ మిక్లోష్ మూడు వారాలకు పైగా నిలువరించడంతో దండయాత్ర వేగం తగ్గింది. 1533లో ఫెర్డినాండ్ సుల్తాన్‌తో సంధి చేసుకున్నాడు. జపోల్యా తరఫున హంగేరీ గవర్నరుగా నియమితుడైన గ్రిత్తి ప్రజల ఆగ్రహానికి గురై 1534లో మెడ్గ్యెష్ పట్టణం వద్ద హతుడయ్యాడు.

నాగ్యవారద్ ఒప్పందం (1538)

పన్నెండేళ్ల అంతర్యుద్ధంలో ఇద్దరు రాజులలో ఎవరూ మరొకరిని తొలగించలేకపోయారు. జపోల్యాకు ముఖ్య సలహాదారు, నాగ్యవారద్ బిషప్పు అయిన జార్జి మార్టినుజ్జి చొరవతో 1538 ఫిబ్రవరి 24న రహస్య ఒప్పందం కుదిరింది. ముఖ్యాంశాలు:

* ఇద్దరూ రాజు అనే బిరుదును ఉంచుకొని, తమ అధీనంలో ఉన్న భాగాలను పాలించాలి.
* జపోల్యా మరణించిన తరువాత అతని భాగం కూడా ఫెర్డినాండ్‌కు చెందాలి.
* జపోల్యాకు కుమారుడు కలిగితే అతనికి వంశపు ఎస్టేట్లతో కూడిన సంస్థానం లభించాలి.

సుల్తాన్‌కు తెలియకుండా ఉన్నంతకాలమే ఈ ఒప్పందం నిలువగలదు. పైగా, ఫెర్డినాండ్ రక్షణకు వస్తాడన్న నమ్మకం కూడా ఉండాలి. ఈ రెండూ నెరవేరలేదు. అప్పటికి యాభై ఏళ్ల వయసున్న జపోల్యా 1539లో పోలండు రాజు మొదటి సిగిస్మండ్ కుమార్తె ఇసబెల్లాను వివాహమాడాడు. 1540 జూలై 7న వారికి జాన్ సిగిస్మండ్ జన్మించాడు. ఆ నెలలోనే జపోల్యా మరణించాడు. మరణశయ్యపై తన కుమారుని రాజ్యాన్ని ఫెర్డినాండ్‌కు ఇవ్వవద్దని అనుచరులను కోరాడు. తూర్పు భాగపు ప్రభువులు సెప్టెంబరులో ఆ శిశువునే రాజుగా ఎన్నుకున్నారు.

బుడా పతనం (1541)

ఒప్పందం ప్రకారం తన హక్కును నెరవేర్చుకునేందుకు ఫెర్డినాండ్ 1540లోను, మరల 1541లోను బుడాకు సైన్యం పంపాడు. మార్టినుజ్జి కోటను కాపాడుతూ సులేమాన్ సహాయం కోరాడు. ఒట్టోమాన్ సైన్యం వచ్చి ఆస్ట్రియా సైన్యాన్ని చిత్తుగా ఓడించింది. కాని రక్షణకు వచ్చినవారు తిరిగి వెళ్లలేదు.

1541 ఆగస్టు 29న, సరిగ్గా మొహాచ్ యుద్ధం జరిగి పదిహేనేళ్లయిన రోజున, సుల్తాన్ శిశురాజును చూడగోరి తన శిబిరానికి పిలిపించాడు. ప్రముఖ ప్రభువులు వెంట వెళ్లారు. వారు శిబిరంలో ఉండగా, నగరం చూడవచ్చిన సందర్శకుల వలె కొద్దికొద్దిగా కోటలో ప్రవేశించిన జానిసరీ సైనికులు ద్వారాలను స్వాధీనపరచుకున్నారు. ఒక్క బాణం వేయకుండానే రాజధాని చేజారింది. ప్రభువులలో శక్తిమంతుడైన తోరోక్ బాలింత్‌ను బంధించి ఇస్తాంబుల్ తీసుకొనిపోగా, అతడు అక్కడి కారాగారంలోనే మరణించాడు. శిశువు పెద్దవాడైన తరువాత బుడాను తిరిగి ఇస్తామని సుల్తాన్ వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానం నెరవేరలేదు. బుడా 1686 వరకు ఒట్టోమాన్ల అధీనంలోనే ఉన్నది.

దీనితో హంగేరీ మూడు భాగాలైనది:

* రాజ హంగేరీ: పశ్చిమ, ఉత్తర భాగాలు. ఫెర్డినాండ్ అధీనం. పరిపాలనా కేంద్రం పొజోని.
* ఒట్టోమాన్ హంగేరీ: మధ్య, దక్షిణ భాగాలు. బుడా నుండి పాషాల పాలన.
* తూర్పు హంగేరీ రాజ్యం: ట్రాన్సిల్వేనియా, పరిసర ప్రాంతాలు. సుల్తాన్‌కు కప్పం చెల్లిస్తూ ఇసబెల్లా, ఆమె కుమారుని పాలన.

ఇసబెల్లా, మార్టినుజ్జి

ఇసబెల్లా, మార్టినుజ్జిల మధ్య తరచు విభేదాలు వచ్చేవి. దేశం మరల ఏకం కావాలంటే ఫెర్డినాండ్‌తో సంధి తప్పదని మార్టినుజ్జి భావించాడు. 1551లో ఇసబెల్లా అయిష్టంగానే పవిత్ర కిరీటాన్ని ఫెర్డినాండ్ సేనాని కస్తాల్దోకు అప్పగించి, సైలీషియాలో భూములు పరిహారంగా పొంది దేశం విడిచింది. మార్టినుజ్జికి కార్డినల్ పదవి లభించింది. కాని సుల్తాన్‌ను శాంతింపజేయడానికి అతడు అటువైపు కూడా ఉత్తరాలు నడపడంతో, ద్రోహం తలపెట్టాడని అనుమానించి, కస్తాల్దో మనుషులు 1551 డిసెంబరు 17న అతనిని హత్య చేశారు.

ఊహించినట్లే ఒట్టోమాన్ల ప్రతీకారం 1552లో వచ్చింది. తెమెష్వార్ కోట పడిపోయింది. ఎగెర్ కోట మాత్రం దోబో ఇష్త్వాన్ నాయకత్వాన నిలిచింది. ట్రాన్సిల్వేనియాను కాపాడే శక్తి ఫెర్డినాండ్‌కు లేదని తేలడంతో, 1556లో అక్కడి సభ ఇసబెల్లాను, ఆమె కుమారుని తిరిగి ఆహ్వానించింది. ఆమె 1559లో మరణించే వరకు పాలించింది.

వివాదం ముగింపు

ఫెర్డినాండ్ 1564లో మరణించగా, కుమారుడు మాక్సిమిలియన్ రాజయ్యాడు. జాన్ సిగిస్మండ్‌తో పోరు కొనసాగింది. 1566లో సులేమాన్ తన చివరి దండయాత్రలో, సిగెత్వార్ ముట్టడి సమయంలో మరణించాడు. 1568లో మాక్సిమిలియన్, కొత్త సుల్తాన్ రెండవ సెలీమ్ ఎడిర్నేలో సంధి చేసుకున్నారు. ఏటా 30,000 బంగారు నాణేలు సుల్తాన్‌కు చెల్లించడానికి మాక్సిమిలియన్ అంగీకరించాడు.

1570 ఆగస్టులో కుదిరిన స్పేయర్ ఒప్పందంతో జాన్ సిగిస్మండ్ "ఎన్నికైన రాజు" అనే బిరుదును వదులుకొని, ట్రాన్సిల్వేనియా యువరాజు (ప్రిన్స్) అనే బిరుదును స్వీకరించాడు. 1571 మార్చిలో అతడు సంతానం లేకుండా మరణించడంతో జపోల్యా వంశం అంతరించింది. ట్రాన్సిల్వేనియా మాత్రం ప్రత్యేక సంస్థానంగా కొనసాగింది. జాన్ సిగిస్మండ్ కాలంలోనే, 1568లో, తోర్దా పట్టణంలో సమావేశమైన సభ ప్రబోధకులు తమ అవగాహన మేరకు బోధించవచ్చునని ప్రకటించింది. ఐరోపాలో మత సహనానికి సంబంధించిన తొలి శాసనాలలో ఇది ఒకటి.

సామాన్య ప్రజలపై ప్రభావం

వివాదం రాజులది అయినా, భారం ప్రజలపై పడింది. సరిహద్దు ప్రాంతాలలో అనేక గ్రామాలు ఒట్టోమాన్ అధికారులకు, రాజ హంగేరీలోని పాత భూస్వాములకు కూడా పన్నులు చెల్లించవలసి వచ్చేది. ఏ ఒక్కరికి ఎగవేసినా దాడులు తప్పవు. మధ్య మైదానాలలో పల్లెలు పాడుబడి, ప్రజలు పెద్ద పట్టణాల వైపు వలస పోయారు. ప్రభువులు తమ ఎస్టేట్లను కాపాడుకునేందుకు పదేపదే పక్షాలు మారగా, రైతుకు పక్షం ఎంచుకునే అవకాశమే లేకపోయింది.

ప్రాముఖ్యత

హాబ్స్‌బర్గ్‌లు 1526లో పొందిన హక్కు చివరకు నిలిచింది. ఒట్టోమాన్ల నుండి బుడాను తిరిగి గెలుచుకున్న మరుసటి సంవత్సరం, 1687లో, పొజోని సభ వారి పురుష సంతతికి వంశపారంపర్య హక్కును అంగీకరించింది. ఆ వంశపాలన 1918 వరకు సాగింది. జపోల్యా పక్షపు ఆలోచన కూడా అంతరించలేదు. 17వ శతాబ్దంలో బొచ్కయి, బెత్లెన్, తోకోలి వంటి నాయకులు ఒట్టోమాన్ల అండతో హాబ్స్‌బర్గ్‌లను ఎదిరించారు.

జపోల్యా దేశద్రోహియా, గత్యంతరం లేని దేశభక్తుడా అన్న చర్చ హంగేరీ చరిత్రకారులలో చాలాకాలంగా ఉన్నది. మొహాచ్ యుద్ధభూమిలో 1976లో స్మారక ప్రదేశాన్ని ఏర్పాటు చేశారు. ఏదైనా నష్టం జరిగినప్పుడు ఓదార్పుగా "మొహాచ్ వద్ద ఇంతకంటె ఎక్కువే పోయింది" అనే సామెత హంగేరియన్ భాషలో నేటికీ వాడుకలో ఉన్నది.

కాలక్రమం

* 1491 – పొజోని ఒప్పందం
* 1505 – రాకోష్ తీర్మానం
* 1526 – మొహాచ్ యుద్ధం. జపోల్యా, ఫెర్డినాండ్‌ల ఎన్నికలు
* 1527 – ఫెర్డినాండ్ పట్టాభిషేకం
* 1529 – జపోల్యాకు బుడా అప్పగింత, వియన్నా ముట్టడి
* 1538 – నాగ్యవారద్ ఒప్పందం
* 1540 – జపోల్యా మరణం
* 1541 – బుడా ఒట్టోమాన్ల వశం
* 1551 – కిరీటం అప్పగింత, మార్టినుజ్జి హత్య
* 1556 – ఇసబెల్లా పునరాగమనం
* 1568 – ఎడిర్నే సంధి, తోర్దా ప్రకటన
* 1570 – స్పేయర్ ఒప్పందం